చేతులు కట్టుకోండి

ఆగస్టు 12, సోమవారం

ఈరోజు మంచాలు తీసుకెళ్లారు. ఆరోగ్య కేంద్రంలో బాలింతలకు కావాలట. డ్రైవరు ఒక్కొక్క మంచాన్నీ నెత్తిన పెట్టుకుని మోస్తుంటే పిల్లలు వరండాలో వరసగా కూర్చుని చూశారు. ఏ మంచం ఎవరిదో వాళ్లకే తెలుసు. ఒక్కొక్కటి ముందు నుంచి పోతున్నప్పుడల్లా దాని మీద పడుకునేవాళ్ల పేరు సైగ చేసి, చెయ్యి ఊపి సాగనంపారు. మా ఊళ్లో కొందరి శవాలకు కూడా అంత మర్యాద జరగలేదు.

ఎలూబి మంచం చివర్లో వెళ్లింది. పళ్ల సందు మీద రెండు వేళ్లు పెట్టి తన పేరు తనే చెప్పుకుంది. తర్వాత నేను నడుముకు చుట్టుకున్న చితెంజె గుడ్డ అంచు పట్టుకుని లాగింది.

"నా మంచం మీద ఎవరు పడుకుంటారు?"

బిడ్డను కన్న తల్లి, అన్నాను.

"మరి నేను?"

మీ అవ్వ దగ్గర, అన్నాను.

"అవ్వకి చేతులు రావు," అంది.

నిజమే, ముసలామెకు సైగలు రావు. నేర్పిద్దాంలే అన్నాను. ఎప్పుడు, ఎవరు నేర్పుతారని పిల్ల అడగలేదు. పదేళ్ల పిల్లకు అంత లెక్క ఎందుకుంటుంది?

పద్నాలుగేళ్లు ఈ హాస్టల్లో చెవిటి పిల్లలకు చదువు చెప్పాను. ఇలాంటి విడి బడులు పాత పద్ధతి అట, మూసేస్తున్నారు. ఇకమీదట ఏ పిల్లయినా సొంత ఊరి బడిలో, అందరితో పాటే కూర్చోవాలి. పద్ధతి మంచిదే. మీటింగులో నేనూ చెయ్యెత్తాను. ఎత్తకపోతే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. నన్ను ఐదు ఊళ్ల బడులకు తిరిగే టీచరును చేశారు. సైకిలిచ్చారు. దానికి ముందు మూడు వారాల శిక్షణ.

ఆగస్టు 21

శిక్షణ కాలేజీలో మాకు చెప్పేది కవుంగా సార్. రాజధాని లిలోంగ్వే నుంచి వచ్చాడు. చూడ్డానికి బాగుంటాడు, మాట తేనె. విడి బడుల్లో పనిచేసిన మమ్మల్ని మామూలు బడులకు తయారు చెయ్యడం ఆయన పని. ఇన్నాళ్లూ మీ తరగతిలో ఎంతమంది, అని నన్ను అడిగాడు. ఎనిమిది మంది అన్నాను.

"ఎనిమిది మందిని మా అమ్మ పొయ్యి దగ్గరే పెంచింది మేడమ్. దానికోసం బడి కట్టలేదు," అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా లోకువ.

నూట ఇరవై మంది ఉన్న తరగతిలో ఒక్క చెవిటి పిల్లకు పాఠం ఎలా అందించాలని అడిగితే, ఆ దారి చూపించాల్సింది మీరే కదా మేడమ్ అన్నాడు. తర్వాత బోర్డు మీద ఒక మాట రాశాడు. బయటివాళ్లు వచ్చి చూసినప్పుడు ఏ పిల్లకు లోపముందో పసిగట్టలేకపోతే మీరు గెలిచినట్టే.

మాట బాగుంది. ఇంటికి ఉత్తరం రాసినట్టు శ్రద్ధగా రాసుకున్నాను.

ఆగస్టు 27

మొక్కజొన్న న్సిమా ముద్దలో రాయి తగిలింది. పన్ను కదిలింది. మధ్యాహ్నం క్లాసులో నిద్రపోయాను. ఎవరూ పసిగట్టలేదు. గెలిచినట్టే.

సెప్టెంబరు 9, సోమవారం

మతేపా బడి, ఎలూబి వాళ్ల ఊరిది. సరస్సు ఒడ్డునే ఉంది. ఎండబెట్టిన ఉసిపా చేపల వాసన తరగతి గదుల్లోకి కూడా వస్తుంది. టీచర్లందరినీ కూర్చోబెట్టి, మూడు వారాల శిక్షణను ఒక్క మధ్యాహ్నంలో వడ్డించాను. సగం మంది ఆవలించారు. ఆ పిల్లను చూసుకోవడానికి మీరున్నారు కదా, మళ్లీ మాకెందుకు ఈ చదువు అని ఒకావిడ అడిగింది. నేను వచ్చేది బుధవారాలు మాత్రమే అని చెప్పాను. అయితే ఆ పిల్లను కూడా బుధవారాలే పంపమనండి అంది.

శ్రద్ధగా విన్నది గొమాని ఒక్కడే. మూడో తరగతి టీచరు. పాతికేళ్లు ఉంటాయేమో, బక్కపల్చటి మనిషి. మాట్లాడినంతసేపూ జారే ప్యాంటును పైకి లాక్కుంటూ ఉంటాడు. ఎలూబి చేరేది ఆయన తరగతిలోనే. బెంచీలు లేవు, పిల్లలంతా నేల మీదే. ఉన్నది ఒక్క బోర్డు.

"నాకు సైగలు రావు మేడమ్. తప్పు చేస్తే మొహమాటపడకుండా చెప్పండి," అన్నాడు.

తప్పులు పట్టడంలో నాకు మంచి పేరుందన్నాను. కవుంగా సార్ మాటను చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి తీసుకెళ్లాను. గొమాని అది అడిగి తీసుకుని, తన తరగతి గోడకు అంటించుకున్నాడు. ఒక్కడైనా పట్టించుకున్నాడని సంతోషమేసింది.

సెప్టెంబరు 18, బుధవారం

ఈరోజు మంచి రోజు, వివరంగా రాయాలి.

ఎలూబిని ముందు వరసలో కూర్చోబెట్టాడు గొమాని. నేను బోర్డు పక్కన నిలబడి ఆయన చెప్పే పాఠాన్ని సైగల్లోకి మార్చాను. కాసేపటికి బోర్డు వైపు చూసేవాళ్లు ఒక్కరూ లేరు. అందరి కళ్లూ నా చేతుల మీదే. మీరొస్తే నా తరగతి సర్కస్ అయిపోయింది మేడమ్, అని నవ్వాడు గొమాని. అయితే టికెట్టు పెట్టండి అన్నాను. ఆయన పాఠం ఆపి, పిల్లలందరికీ నేర్పమన్నాడు. చేప, ఆవు, వాన, దొంగ. దొంగ సైగ అందరికీ ఒక్కసారే వచ్చేసింది.

విరామంలో ఎలూబి చుట్టూ ఆడపిల్లలు మూగారు. వాళ్ల వేళ్లు పట్టుకుని తిన్నగా వంచుతోంది. సరిగ్గా చెయ్యకపోతే కళ్లు పెద్దవి చేసి కసురుతోంది. అచ్చం నాలాగే. ఆ చిరాకు నాదని వేరే ఎవరికీ తెలియదు. సైకిలు తొక్కుతూ దారంతా నాలో నేనే నవ్వుకున్నాను.

పిల్ల బాగానే ఉంది.

సెప్టెంబరు 25

వెళ్లలేదు. సైకిలు గొలుసు తెగింది.

అక్టోబరు 2

వెళ్లలేదు. వేరే ఊళ్లో నేను చదువు చెప్పే ఒక పిల్లాడి తండ్రి పోయాడు. చావుకు వెళ్లి ఆడవాళ్లతో పాటు నేల మీద కూర్చోకపోతే ఆ ఊళ్లో ఇక నా మాట ఎవరూ వినరు. గొమాని చూసుకుంటాడు. మంచివాడు.

అక్టోబరు 9, బుధవారం

ఎండకు సైకిలు సీటు కాలుతోంది. మూడో తరగతిలో అడుగుపెట్టగానే ఏదో తేడా తెలిసింది. గది అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. గొమాని బోర్డు వైపు తిరిగి రాస్తున్నాడు. ఆయన వీపు వెనక తరగతి మొత్తం చేతులతో కబుర్లు చెప్పుకుంటోంది. చేపలు, ఆవులు, దొంగలు, ఇంకా వాళ్లు సొంతంగా కల్పించుకున్నవి ఎన్నో. మధ్యలో ఎలూబి ముఖం వెలిగిపోతోంది. పద్నాలుగేళ్లలో నేను చెయ్యలేనిది ఈ పిల్ల మూడు వారాల్లో చేసింది.

గొమానికి కూడా ఒక పేరు పెట్టారు. రెండు చేతులతో ప్యాంటు పైకి లాక్కోవడం. ఆ పేరు పెట్టింది ఎవరో నాకు తెలుసు. నాకు నవ్వు ఆగలేదు. అదే సమయంలో ఆయన ఇటు తిరిగాడు. గదిలో వందకు పైగా పిల్లలు ఒకేసారి ప్యాంట్లు పైకి లాక్కుంటున్నారు, గౌన్లు వేసుకున్నవాళ్లు కూడా.

ఆయన ముఖం మాడిపోయింది. నా వైపు చూశాడు. నా నవ్వు నా ముఖం మీదే ఉండిపోయింది.

పెద్ద విషయమేం కాదు. కుర్రవాడు, రెండు రోజుల్లో మరిచిపోతాడు.

అక్టోబరు 16, బుధవారం

మరిచిపోలేదు.

నేను వెళ్లేసరికి పిల్లలంతా చేతులు కట్టుకుని ఉన్నారు. ఆ చంకలో ఈ చెయ్యి, ఈ చంకలో ఆ చెయ్యి. కొత్తేమీ కాదు, మా బడులన్నిటిలోనూ ఉన్నదే. గోల ఎక్కువైతే 'చేతులు' అంటాం, కట్టేసుకుంటారు. నా చిన్నప్పుడు నేనూ కట్టుకున్నాను. కానీ గొమాని తరగతిలో ఇప్పుడు గంట మొదలైనప్పటి నుంచి గంట అయిపోయేదాకా అదే. రాసేటప్పుడు తప్ప విప్పకూడదు. ముందు వరసలో ఎలూబి కూడా అలాగే కట్టుకుని ఉంది.

బయటికి పిలిచి చెప్పాను. మిగతా పిల్లలకు నోరుంది, ఆ పిల్లకు చేతులే నోరు, అవి కట్టేస్తే ఎలాగని అడిగాను.

"అందరికీ ఒకటే రూలు మేడమ్. ఆ పిల్లను ఒక్కదాన్ని వదిలేస్తే రేపు అందరూ ఆ పిల్లను చూసి విప్పుతారు. వేరుగా చూడొద్దని మీరే కదా చెప్పారు? గోడ మీద మీ చేతిరాతే ఉంది."

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. నూట ఇరవై మంది కొట్టుకోకుండా, పెన్సిళ్లు దొంగిలించుకోకుండా, ఒకరి మీద ఒకరు పడకుండా చూడాలంటే తన దగ్గరున్న ఉపాయం అదొక్కటే అని కూడా చెప్పాడు. అది అబద్ధం కాదు. ఇంకో ఉపాయం నా దగ్గర ఉందా అంటే, ఎనిమిది మందికైతే ఉంది.

నేను ఉన్న రోజు మాత్రం ఎలూబికి మినహాయింపు ఇస్తానన్నాడు. సరే అన్నాను. వారంలో ఒక రోజు. అసలు లేని దానికన్నా నయమే కదా.

అక్టోబరు 17

ఎలూబి అవ్వ దగ్గరికి వెళ్లాను. ముసలామె రోడ్డు పక్కన మందాసి బూరెలు వేయిస్తోంది. ఒకటి చేతిలో పెట్టి, డబ్బులు తీసుకోలేదు. బడిలో పిల్లకు కష్టంగా ఉందని ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుంటే ఆమే మొదలుపెట్టింది.

"టీచరమ్మా, మా పిల్ల నోరు కదుపుతోంది. చూశావా? చర్చిలో అందరితో పాటు పాడుతోంది. పక్కింటామె చూసి ఏడ్చింది. పద్నాలుగేళ్లు చెప్పావంట నువ్వు, ఒక్క మాట రాలేదు. ఆ అబ్బాయి నెల రోజుల్లో రప్పించాడు."

శబ్దం వస్తోందా అవ్వా, అని అడిగాను. శబ్దానిదేముంది, ముందు నోరు కదలాలి, శబ్దం వెనకాలే వస్తుందంది.

ఒకవేళ ఆ బడి పిల్లకు సరిపడకపోతే అని మెల్లగా అన్నాను. సరిపడకపోతే ఇక్కడ పిండి కలపడానికి రెండు చేతులు నాకూ కావాలి, ఇన్నాళ్లూ మీ హాస్టల్లో వదిలేశాను కదా అంది. నూనెలోంచి మందాసి తీస్తూనే అంది, కోపమేమీ లేదు.

మందాసి తినేసి సైకిలెక్కాను. ఆ బడి కాకపోతే ఈ పొయ్యి. మూడోది లేదు.

అక్టోబరు 23

వెళ్లాను. పరీక్షలు, మాట్లాడ్డానికి కుదరలేదు. చేతులు కట్టుకునే ఉంది. నేను ఉన్న రోజు విప్పొచ్చన్నాడు కదా. మరిచిపోయి ఉంటాడు. నేనూ గుర్తు చెయ్యలేదు.

పిల్ల బాగానే ఉంది.

అక్టోబరు 30, బుధవారం

విరామంలో ఎలూబిని బడి వెనక్కి తీసుకెళ్లాను. ఈ నెలలో ఏం నేర్చుకున్నావని అడిగాను. ముందు అటూ ఇటూ చూసింది. తర్వాత చేతులు విప్పింది. సైగలు నెమ్మదిగా, సగం సగం వస్తున్నాయి, జ్వరం నుంచి లేచినవాళ్ల నడకలాగా.

"నోరు," అంది.

చూపించమన్నాను. గొమాని 'అర్థమైందా' అంటే అందరూ 'అయింది సార్' అంటారు. 'ఏడూ ఐదూ' అంటే 'పన్నెండు' అంటారు. పక్క పిల్ల పెదవులు చూసి ఆ క్షణంలోనే తనూ పెదవులు కదుపుతుందట. ఎంత బాగా పట్టిందంటే దూరం నుంచి చూస్తే నేనే నమ్మేదాన్ని. ఏడు రాళ్లు, ఐదు రాళ్లు ఏరి ముందు పెట్టాను. ఎన్ని అని అడిగాను. నా పెదవుల వైపు చూసింది. నేను కదపలేదు. అలాగే చూస్తూ ఉంది.

హాస్టల్లో ఈ పిల్ల ఇరవై దాకా కూడేది. నన్ను మోసం చేసి రాళ్లు దాచేసేది కూడా.

వెళ్లబోతూ అడిగింది, "ఆ తల్లి లేచి వెళ్లిపోయిందా? నా మంచం ఖాళీ అయిందా?"

ఇంకా లేదు అన్నాను. ఇంకేం చెప్పను?

నవంబరు 6

వెళ్లాను. రాయడానికేమీ లేదు.

నవంబరు 13, బుధవారం

వచ్చే వారం కవుంగా సార్ లిలోంగ్వే నుంచి అతిథులను తీసుకుని మతేపా వస్తున్నాడట. మా జిల్లాలో బాగా నడుస్తున్న తరగతి చూపించమంటే గొమాని తరగతి పేరు చెప్పారట. గొమాని కొత్త బెల్టు కొనుక్కున్నాడు. ఇంక ప్యాంటు జారదు.

నన్ను పక్కకు పిలిచి బతిమాలాడు. "ఆ రోజు మీరు ఎలూబి పక్కన నిలబడొద్దు మేడమ్. నిలబడితే కనిపెట్టేస్తారు."

గోడ మీద నా చార్టు వైపు చూశాను. దాని అంచులకు రంగు కాగితం అంటించాడు.

చెప్పేస్తాను. కవుంగా సార్ రాగానే అందరికన్నా ముందు నేనే వెళ్లి చెప్పేస్తాను. ఏం చెప్పాలో సైకిలు మీద దారంతా అనుకుంటూ వచ్చాను. పిల్లకు పాఠం అందడం లేదు. చేతులు కట్టేశారు. ఉన్న భాష కూడా పోతోంది. అంతే, మూడు మాటలు. భయపడాల్సిందేముంది?

నవంబరు 19

రేపే. చితెంజె ఇస్త్రీ చేసుకున్నాను.

నవంబరు 20, బుధవారం

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

కవుంగా సార్ జీపు దిగగానే ఎదురెళ్లి మూడు మాటలూ చెప్పాను. ఆయన పూర్తిగా విన్నాడు. విననట్టు నటిస్తే కోప్పడి ఉండేదాన్ని, కానీ విన్నాడు. కొంచెం దూరం నాతో నడిచాడు.

"మేడమ్ ఎనెలెసి, మీరు చెప్పింది నిజమే అనుకోండి. అయితే ఆ పిల్లను ఎక్కడ పెడదాం? మీరు ఏ చోటు చెప్తే ఆ చోట పెడతాను. చెప్పండి."

ఎగతాళి కాదు. ఆగి, నా జవాబు కోసం చూశాడు. మంచాల్లేని హాస్టలు గుర్తొచ్చింది. నూనె మూకుడు గుర్తొచ్చింది. నా సైకిలు గుర్తొచ్చింది. మనం తర్వాత కూర్చుని మాట్లాడదాం మేడమ్ అని భుజం తట్టి లోపలికి నడిచాడు.

తరగతి అంతా చేతులు కట్టుకుని లేచి నిలబడి స్వాగతం చెప్పింది. గొమాని లెక్కలు చెప్పాడు. బాగా చెప్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి. పిల్లలు ఒకే గొంతుతో జవాబులు చెప్పారు. అప్పుడు కవుంగా సార్ అతిథులతో, ఈ తరగతిలో ఒక వినబడని పిల్ల ఉంది, ఎవరో చెప్పగలరా అని అడిగాడు. ఒకాయన నిద్రమత్తులో ఉన్న పిల్లాణ్ణి చూపించాడు. ఒకావిడ మెల్లకన్ను పిల్లను చూపించింది. అందరూ నవ్వారు. ఇంకో మూడుసార్లు చూపించినా దొరకలేదు. గొమాని ఎలూబి భుజం మీద చెయ్యి వేసి లేపి నిలబెట్టాడు. తరగతి మొత్తం చేతులు విప్పి మూడేసి చొప్పున మూడుసార్లు చప్పట్లు కొట్టి మళ్లీ కట్టుకుంది. ఎలూబి విప్పలేదు.

"మేడమ్, మీరొకసారి పలకరించండి," అన్నాడు కవుంగా సార్.

ఇది నాకు ఇచ్చిన అవకాశం అనుకున్నాను. ముందుకు వెళ్లి ఆమె ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నాను. పళ్ల సందు మీద రెండు వేళ్లు పెట్టి పేరుతో పిలిచాను. నీకేం కావాలో చెప్పు, అన్నాను చేతులతో. అందరూ నీ వైపే చూస్తున్నారు. మంచం అడిగినా సరే. ప్యాంటు మాస్టారని వెక్కిరించినా సరే. ఏదో ఒకటి చెప్పు.

నా చేతుల వైపు చాలాసేపు చూసింది. అర్థమైంది, ఆ సంగతి నాకు తెలుసు. తర్వాత గొమాని వైపు చూసింది. ఆయన చెప్పమన్నట్టు తల ఊపాడు. నవ్వాడు కూడా. ఆయన ఆపలేదు. ఎన్నేళ్లయినా ఈ ముక్క నేను మార్చి రాయకూడదు, ఆయన ఆపలేదు.

ఎలూబి చేతులు ఇంకా గట్టిగా బిగించుకుంది. నా ముఖంలోకి చూసి పెదవులు కదిపింది. యెస్ మేడమ్. ఏదో గాలి లాంటి శబ్దం వచ్చింది.

మాట్లాడింది, అని అతిథి ఒకావిడ కళ్లు తుడుచుకుంది. మళ్లీ చప్పట్లు. అందరూ నన్నే చూస్తున్నారని నేనూ కొట్టాను.

నవంబరు 21

గొమాని ఒక సంచి నిండా మామిడికాయలు తెచ్చిచ్చి వెళ్లాడు. ఇదంతా మీ పుణ్యమే మేడమ్ అన్నాడు. మనసులోంచే అన్నాడు. తిట్టడానికి కూడా వీల్లేకుండా చేశాడు.

కవుంగా సార్ కబురు పంపాడు. జనవరిలో కాలేజీకి కొత్త జట్టు వస్తోంది, మూతపడ్డ బడుల టీచర్లు. వాళ్లకు మతేపా గురించి నేను చెప్పాలట. సరే అన్నాను. అక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

చెప్తాను అని రాశాను. చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకులైనా ఉండాలి కదా.

నవంబరు 27, బుధవారం

నిన్న రాత్రంతా వాన. బురదలో సైకిలు తోసుకుంటూ ఆలస్యంగా వెళ్లాను. మూడో తరగతి కిటికీ దగ్గర ఆగాను. గొమాని బోర్డు మీద రాస్తున్నాడు. పిల్లలంతా చేతులు కట్టుకుని ఉన్నారు. ఎలూబి ముందు వరసలో కాదు, ఇప్పుడు గోడ వారగా కూర్చుంది. ఇక ముందు కూర్చోబెట్టాల్సిన పని లేదనుకున్నాడేమో.

ఆమె ఎడమ మోచేతి కింద, చంకలో దూర్చిన కుడిచేతి వేళ్లు కదులుతున్నాయి. మొదట వణుకేమో అనుకున్నాను. కాదు. ఆగుతున్నాయి, మళ్లీ కదులుతున్నాయి. చేతులు కట్టుకునే ఏదో చెప్పుకుంటోంది. పక్క పిల్లకు కనబడదు, గొమానికి కనబడదు. కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. నాకు కూడా ఏమీ తెలియలేదు.

గుమ్మంలోకి వెళ్తే తరగతి మొత్తం లేచి నిలబడి నాకు స్వాగతం చెబుతుంది. ఆమె కూడా లేచి యెస్ మేడమ్ అంటుంది. ఆ వేళ్లు ఆగిపోతాయి.

వెళ్లలేదు. గంట కొట్టేదాకా కిటికీ పక్కనే, గోడకు ఆనుకుని, ఎవరికీ కనబడకుండా నిలబడ్డాను.